బావగారికి పాత రివాల్వర్

శీర్షిక చూసి కంగారు పడకండి. పచ్చళ్ళు, పిల్లల చదువులు, అత్తగారి కీళ్ళనొప్పులు రాసుకునే మనిషి తుపాకుల జోలికెందుకు వెళ్ళిందా అనుకుంటున్నారు కదూ. నేనుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఒక ఊళ్ళో. ఇక్కడ డిసెంబరు సెలవుల్లో ఇంటివాళ్ళకి ఇచ్చే బహుమతుల్లో రివాల్వర్ కూడా ఒకటి. మనం పెళ్ళికి మిక్సీ ఇచ్చినంత మామూలుగా ఇస్తారు. 2023లో మా కుటుంబంలోనూ ఆ మాట వచ్చింది. వస్తువు చూసి, బేరమాడి తెచ్చే పని నా మీద పడింది. అప్పుడు నేను తెలుసుకున్నవి, ఆ తర్వాత ఇంట్లో మాట్లాడుకున్నవి రాస్తున్నాను. ఇందులో ఒకరి సొంత విషయం ఉంది. ఆ మనిషికి మొత్తం చదివి వినిపించి, సరేనన్నాకే ఇక్కడ పెడుతున్నాను.

ముందు మా ఇంటి పద్ధతి చెప్పాలి. మావారి వైపు నాలుగు కుటుంబాలం టెక్సస్‌లోనే ఉన్నాం. క్రిస్మస్ సెలవులకి అందరం బావగారింట్లో చేరతాం. పిల్లలకి చిన్న చిన్న బహుమతులు ఎవరికి తోచినవి వాళ్ళిస్తారు. పెద్దవాళ్ళలో మాత్రం ఏడాదికి ఒకరి వంతు. ఇంటికి 150 డాలర్ల చొప్పున నాలుగిళ్ళూ వేస్తే 600 అవుతుంది. ఆ డబ్బుతో ఆ ఏటి మనిషికి గుర్తుండిపోయే వస్తువొకటి కొంటాం. అంతకు ముందు ఏడు మా తోటికోడలు, అంటే నేను అక్కా అని పిలిచే ఆవిడకి కుట్టుమిషను వచ్చింది. 2023లో వంతు బావగారిది.

బావగారు ఈ దేశం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇరవై ఏళ్ళు గ్యాస్ స్టేషన్ నడిపారు. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ కౌంటరు కింద ఒక తుపాకి ఉండేదట. దుకాణం అమ్మినప్పుడు దాన్నీ అమ్మేశారు. ఇప్పుడు ఖాళీ. పక్కింటాయన రిటైరైన పోలీసు. శనివారం పొద్దున్నే బావగారిని షూటింగ్ రేంజికి తీసుకెళతాడు. ఆయన దగ్గర ఉద్యోగం రోజుల నాటి రివాల్వర్ ఉంది. దాని మీద బావగారి మనసు పడింది. "కొత్తవన్నీ ప్లాస్టిక్కు బొమ్మల్లా ఉంటున్నాయమ్మా. ఇది చూడు, ఇనుము ఇనుములా ఉంది" అని నాతో రెండుసార్లు అన్నారు.

ఈ మాట హ్యూస్టన్‌లో ఉండే వాళ్ళమ్మాయి చెవిన పడింది. "పిన్నీ, ఈసారి నాన్నకి అదే ఇద్దాం. పాతదైతే మన 600లో వచ్చేస్తుంది. పాత వస్తువులు కొనడంలో నిన్ను మించినవాళ్ళు లేరు కదా, నువ్వే రావాలి" అని థాంక్స్‌గివింగ్ సెలవులకి వచ్చినప్పుడు పట్టుకుంది. అది నిజమే. మా ఇంట్లో భోజనాల బల్ల, బీరువా, పియానో అన్నీ ఒకరు వాడినవే. వాడిన వస్తువంటే నాకు చిన్నతనం లేదు. ఎవరు వాడారో, ఎలా వాడారో తెలుసుకుంటే సరిపోతుంది.

తుపాకితో నాకున్న పరిచయం అంతా చిన్నప్పుడు ఖమ్మంలో మా వీధికొచ్చే పిట్టలదొరతోనే. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన కొయ్య తుపాకి. కోతలు కోస్తూ గుమ్మం ముందు నిలబడితే అమ్మ చేటలో బియ్యం తెచ్చేది. గొప్పలు చెప్పేవాణ్ణి తుపాకి రాముడు అనడం కూడా మనకు అలవాటే. బి.ఏ.లో మా మాష్టారు తుపాకి అనేది తురుష్కుల భాష నుంచి మనకొచ్చిన మాట అని చెప్పారు. అంటే మాట అరువుది, మనిషి నవ్వులాటది. నిజం తుపాకిని అర చేయి దూరంలో చూడటం మాత్రం ఆ నవంబరులోనే.

మేం వెళ్ళిన దుకాణంలో కౌంటరు వెనక తెల్లగడ్డం పెద్దాయన ఉన్నాడు. ఏం కావాలో అమ్మాయి చెప్పింది. ఆయన అద్దాల బల్ల కిందనుంచి నాలుగు తీసి గుడ్డ మీద వరసగా పెట్టాడు. మూడు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10లు. నాలుగోది కోల్ట్ పైథాన్. పైథాన్ ధర 3,200 డాలర్లని చూసి దాన్ని అప్పుడే లోపల పెట్టెయ్యమన్నాను. నగల దుకాణంలో కూడా ముందు కంటికింపైనదాన్నే చూపిస్తారు. మనకెంతలో కావాలో ముందే చెప్పెయ్యడం మంచిది.

మోడల్ 10 గురించి ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఈ రకం 1899లో మొదలైందట. మిలటరీ అండ్ పోలీస్ అని మొదట్లో పేరు. 1957లో కంపెనీ తన సరుకు మొత్తానికి అంకెలు పెట్టినప్పుడు ఇది 10 అయింది. ఇప్పటిదాకా 60 లక్షలకి పైగా తయారయ్యాయి. ఆరు గుళ్ళు పడతాయి. .38 స్పెషల్ అనే రకం గుండు. అమెరికాలో ఎన్నో ఊళ్ళ పోలీసులు దశాబ్దాల తరబడి వీటినే నడుముకి కట్టుకుని తిరిగారు. 1980ల్లో, 90ల్లో కొత్త రకం పిస్తోళ్ళు వచ్చాక పోలీసు శాఖలు పాతవాటిని మూటగట్టి అమ్మేశాయి. అందుకే బజార్లో ఇన్ని దొరుకుతాయి, ధర కూడా మధ్యతరగతికి అందుతుంది. ఇంకో సంగతి. పోలీసు తుపాకి రోజూ తోలు ఒరలోకి వెళుతూ వస్తూ పైపైన అరిగిపోతుంది. పేల్చింది మాత్రం తక్కువే, ఏడాదికి కొన్నిసార్లు పరీక్షల్లో. కాబట్టి చూడ్డానికి వెలిసిపోయినా లోపల బాగుండే అవకాశం ఎక్కువ. పెళ్ళిళ్ళకి మాత్రమే కట్టి, బీరువాలో మడతల దగ్గర వెలిసిన పట్టుచీర గుర్తొచ్చింది నాకు.

ఇక ఎలా చూడాలో. కొనే ఉద్దేశం లేకపోయినా ఇది తెలుసుకోవడంలో తప్పులేదు.

ముందు దుకాణదారుణ్ణే తెరిచి ఖాళీగా ఉందని చూపించమనాలి. చూపించాక మన చేతిలోకి తీసుకుని మనం కూడా ఆరు గదులూ ఖాళీయేనని చూడాలి. ఒకరు చూశారు కదా అని రెండోవాళ్ళు మానకూడదు. గొట్టం మనిషి వైపు తిరగకూడదు, వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ఖాళీదే అయినా అంతే. ఉత్తినే నొక్కి చూడాలంటే అడిగి నొక్కాలి.

గుళ్ళుండే చక్రాన్ని సిలిండర్ అంటారు. హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతుంటే ఆ చక్రం ఒక గది తిరుగుతుంది. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్ళేలోపే చక్రం టక్కున ఆగి బిగుసుకోవాలి. ఆగకపోతే గుండు గొట్టానికి ఎదురుగా రాదు, అంచుకి తగిలి ముక్కలవుతుంది. ఒక గదికి చూసి వదిలెయ్యకూడదు, ఆరింటికీ చూడాలి. అలా హ్యామర్ వెనక్కి లాగి పెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా వెనకనుంచి బొటనవేలితో గట్టిగా నెట్టినా అది జారి పడకూడదు. పడితే ఆ తుపాకి ఉచితంగా ఇచ్చినా వద్దని ఆయనే చెప్పాడు.

తర్వాత చక్రాన్ని పట్టుకుని కదిలించాలి. పక్కలకి కాస్త కదిలితే ఫరవాలేదు. ముందుకీ వెనక్కీ ఊగితే మాత్రం అరిగిందని లెక్క. చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందుంటుంది, వెలుగుకెదురుగా పెడితే కనిపిస్తుంది. అది అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి ఎనిమిది లోపుంటే మంచిది. మన భాషలో చెప్పాలంటే ఒక కాగితం పట్టేంత, మహా అయితే రెండు. మూడు పడితే వదిలెయ్యడమే. దాన్ని కొలవడానికి ఆయన దగ్గర పల్చటి రేకుల గుత్తి ఉంది. గొట్టం లోపల చిన్న లైటు వేసి చూస్తే గీతలు మెలితిరిగి తళతళలాడాలి. మధ్యలో ఎక్కడైనా నల్లటి ఉంగరంలాంటి నీడ ఉంటే లోపల ఉబ్బిందని. తుప్పు గుంటలుంటే శుభ్రం చెయ్యకుండా పడేశారని.

సినిమాల్లో హీరో గుళ్ళు నింపి మణికట్టు విదిలిస్తే చక్రం టప్పున మూసుకుంటుంది చూడండి, అదే రివాల్వర్‌కి చేసే పెద్ద అన్యాయమట. చక్రాన్ని మోసే చిన్న కడ్డీ వంగిపోతుంది. ఆ తర్వాత ఏదీ సరిగ్గా కూర్చోదు. చేత్తో నిదానంగా మూసినప్పుడు ఎక్కడా పట్టకుండా కూర్చుందంటే ఎవరో పద్ధతిగల మనిషి చేతిలో ఉన్నట్టు.

చివరగా మరలు చూడాలి. మరల గాట్లు నలిగి ఉంటే ఇంట్లో ఎవరో తెలిసీ తెలియక విప్పారన్నమాట. కుట్టుమిషను కొనేటప్పుడు నేను మొట్టమొదట చూసేది కూడా అదే. నాకు తెలిసిన విద్య ఇక్కడ కూడా పనికొచ్చినందుకు లోపల్లోపల మురిసిపోయాను.

ధర సంగతికొస్తే, మూడు మోడల్ 10లకీ మూడు ధరలున్నాయి. ఒరలో అరిగి, గొట్టం చివర నీలిపూత పోయి ఇనుము బయటపడ్డదాని మీద 475 అని ఉంది. నిగనిగలాడే నీలిరంగుదాని మీద 425. నికెల్ పూతతో, అప్పటి అట్టపెట్టె, కాగితాలతో సహా ఉన్నది 750. నిగనిగలాడేది తక్కువెందుకని అడిగింది అమ్మాయి. ఆయన భూతద్దం ఇచ్చి కంపెనీ పేరు చదవమన్నాడు. అక్షరాల అంచులు మొద్దుబారి ఉన్నాయి. సానపట్టి మళ్ళీ పూత వేయించారన్నమాట. సేకరించేవాళ్ళకి మొదటి పూతే కావాలి. అరిగినా అసలుదానికే విలువ. పాత ఇత్తడి బిందెకి కొత్త మెరుగు పెట్టిస్తే పురాతన వస్తువులు కొనేవాడు మొహం తిప్పుకున్నట్టే. పేల్చుకోవడానికే అయితే పూత ఎలా ఉన్నా ఒకటే, లోపలి పనితనం ముఖ్యం. అసలు పూత నూటికి ఎంత వంతు మిగిలిందో చూసి ధర చెప్పే పుస్తకం కూడా ఉంది, బ్లూ బుక్ ఆఫ్ గన్ వాల్యూస్ అని. ఇంకో చిట్కా చెప్పాడు. ఆన్‌లైన్‌లో జనం అడిగే ధరలు చూడొద్దు, వేలం ముగిసి అమ్ముడుపోయిన ధరలు చూడండి అని. ఇల్లు అమ్మేటప్పుడు మనం చేసేదీ అదే కదా.

నేను 475దాన్నే ఎంచాను. ఆరు గదులకీ టక్కున ఆగింది, సందు సరిగ్గా ఉంది, మరలు ముట్టుకోలేదు. పట్టు చెక్కమీద చిన్న పెచ్చు పోయి ఉంటే అది చూపించి 450కి దించాను. కాగితం మీద లెక్క వేశాం. మా ఊళ్ళో అమ్మకం పన్ను నూటికి 8.25. అంటే 487. తాళం పడే ఇనప పెట్టె 120. రెండు డబ్బాల గుళ్ళు 55. చెవులకి, కళ్ళకి కాపు 45. శుభ్రం చేసే సామాను 30. అంతా కలిసి 737. మన చందా 600. పాత తుపాకి ధరంటే ట్యాగు మీద అంకె కాదని ఇంకోసారి తెలిసింది. ఆవును కొంటే పలుపు, గాబు కూడా కొనాలి.

"మిగతాది నేను వేస్తాను పిన్నీ" అంటూ అమ్మాయి కార్డు తీసింది. అప్పుడు పెద్దాయన ఫారం తీసి ఒక ప్రశ్న అడిగాడు. ఈ డబ్బు ఎవరిది?

ఇక్కడ లైసెన్సున్న దుకాణంలో కొంటే 4473 అనే ఫారం నింపాలి. దాన్నిబట్టి ఎఫ్‌బీఐ వాళ్ళు కొనేవాళ్ళ పూర్వాపరాలు చూస్తారు. ఈ తనిఖీ పద్ధతి 1998 నుంచి ఉంది. కొనేది తనకోసమా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. సొంత డబ్బుతో కొని నిజంగా బహుమతిగా ఇస్తే తప్పులేదు, ఇచ్చేవాళ్ళే కొన్నట్టు. పుచ్చుకునేవాడు డబ్బిచ్చి ఇంకొకరి చేత కొనిపిస్తే మాత్రం నేరం. అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు తన మావయ్య దగ్గర 400 డాలర్ల చెక్కు తీసుకుని, తనకే అని ఫారంలో రాసి పిస్తోలు కొని ఆయనకిచ్చాడు. మావయ్యకి తుపాకి ఉంచుకునే హక్కు ఉంది, దాచిపెట్టింది కూడా ఏమీ లేదు. అయినా 2014లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురు తేడాతో అతనిది తప్పేనంది. మా చందాలో బావగారింటి 150 కూడా ఉందాయె. అది విని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మీరు ఆయన పేర దుకాణం గిఫ్ట్ కార్డు తీసుకోండి. ఆయనే వచ్చి, నచ్చింది చూసుకుని, ఫారం నింపుకుంటాడు. అదే శ్రేష్ఠం" అన్నాడు. ఆ తుపాకిని వారం రోజులు పక్కన పెట్టి ఉంచుతానన్నాడు. ఇది వీసాల మీద ఉన్న మన పిల్లలు కూడా గుర్తుపెట్టుకోవాలి. హెచ్-1బీలాంటి వీసా ఉన్నవాళ్ళు కొన్ని మినహాయింపులు తప్పిస్తే తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఎవరో ప్రేమగా ఇచ్చారంటే కుదరదు.

అమ్మాయి ఫోన్ మాట్లాడుతుంటే నేను ఆ ఫారం తిరగేశాను. కొనేవాడి గురించి బోలెడు ప్రశ్నలున్నాయి. పుట్టిన తేదీ, నేరాలు, మత్తుమందులు, పౌరసత్వం. ఆ ఇంట్లో ఇంకెవరుంటున్నారు అన్న ప్రశ్న మాత్రం లేదు.

బావగారింట్లో ఆయన, అక్క, మా పెద్దోడు ఉంటున్నారు. పెద్దోడంటే అమ్మాయి తమ్ముడు. అప్పటికి 20 ఏళ్ళు. ఆ సెప్టెంబరులో చదువు మధ్యలో ఆపేసి ఇంటికొచ్చేశాడు. ఒంట్లో బాగాలేదని అందరికీ చెప్పారు. వాళ్ళిల్లు మాకు పది నిమిషాలు. నేను వారానికి మూడు రోజులు వాడికిష్టమైనవి చేసి డబ్బాలో పట్టుకెళ్ళేదాన్ని. గుత్తొంకాయ కూర కూడా తిరిగొచ్చేది. మధ్యాహ్నం రెండింటికి కూడా గదిలో చీకటి. దీపావళికి వచ్చినప్పుడు తన క్రికెట్ కిట్టు, ప్యాడ్లతో సహా, మా చిన్నవాడికి ఇచ్చేశాడు. "మళ్ళీ నీకెప్పుడైనా కావాలేమో నాన్నా" అన్నాను. "ఇంక నాకెందుకు పిన్నీ" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

హ్యూస్టన్ నుంచి రెండు రోజులకోసం వచ్చిన అక్కకి ఇవి తెలియవు. కారులో కూర్చున్నాక చెప్పాను. కార్డు కూడా ఇప్పుడే వద్దన్నాను. "నాన్న తాళం వేసే పెడతారు కదా పిన్నీ, పెట్టె కూడా కొంటున్నాం కదా" అంది. "మీ నాన్న ఏ తాళం ఎక్కడ పెడతారో వాడికి తెలియదా?" అన్నాను. ఆ అమ్మాయి మరి మాట్లాడలేదు. కారు స్టార్టు చేసి, మళ్ళీ ఆపేసి, ఏడ్చింది.

తర్వాత చదివి తెలుసుకున్నవి ఇక్కడే చెబుతాను. అమెరికాలో తుపాకుల వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా హత్యలు కావు, ఆత్మహత్యలు. తుపాకితో ప్రయత్నించినవాళ్ళలో పది మందిలో దాదాపు తొమ్మిది మంది దక్కరు. మిగతా చాలా మార్గాల్లో దక్కేవాళ్ళే ఎక్కువ. అలా దక్కినవాళ్ళలో ఎక్కువమంది తర్వాత కూడా ఆ పనికి పోకుండా బతికారు. అంటే ఆ గండం గంటలదో, రోజులదో. అది గడిచేదాకా చేతికి అందనివ్వకపోవడమే ముఖ్యం. టెక్సస్ చట్టం పదిహేడేళ్ళలోపు పిల్లలకి తుపాకి అందేలా పెడితే శిక్ష వేస్తుంది. మా వాడు ఆ వయసు దాటాడు. డీలరు దగ్గర చేతి తుపాకి కొనాలంటే ఇరవై ఒకటి నిండాలంటుంది ఫెడరల్ చట్టం. ఆ వయసు రాలేదు. దుకాణంలో అమ్మని వస్తువుని మనమే రంగు కాగితం చుట్టి ఇంట్లో పెట్టబోయాం.

అక్కతో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆ సాయంత్రం వంటింట్లో జంతికలు వత్తుతున్నాం.

"అక్కా, బావగారికి అనుకున్న వస్తువు ఈ ఏడు వద్దు" అన్నాను.

"ఎక్కువ చెప్పాడా?"

"ధర కుదిరింది. పెద్దోణ్ణి చూస్తే భయంగా ఉంది నాకు."

అక్క చెయ్యి ఆగింది. "వాడికేమైంది? చదువు ఎక్కువై అలిసిపోయాడు. నువ్వేదో ఊహించుకుని పిల్లాడి మీద మచ్చ వెయ్యకు. రేపు పెళ్ళి కావాల్సినవాడు" అంది. గొంతులో కోపం. నేను ఎదురు చెప్పలేదు. క్రికెట్ కిట్టు సంగతి మాత్రం చెప్పాను. ఇంక నాకెందుకు అన్న మాట కూడా. అక్కకి తెలియదది. నూనెలో జంతిక మాడిపోతున్నా తియ్యలేదు. చాలాసేపటికి "రాత్రిళ్ళు వాడి గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి వింటాన్రా" అంది. అక్క నన్ను రా అనడం అదే మొదలు. రెండు నెలలనుంచి ఒక్కతే అలా నిలబడుతోందట. బావగారికి కూడా చెప్పలేదట.

ఆ రాత్రి చెప్పింది. బావగారు ఏమంటారోనని నేనూ మావారూ ఇంట్లో కూర్చుని ఎదురుచూశాం. వాళ్ళింటి సంగతిలో నువ్వెందుకు వేలు పెట్టావని మావారు ఒకమాట అన్నారు కూడా. పొద్దున్నే బావగారి ఫోను. "అమ్మా, నేను వాడి గదిలోకెళ్ళి కూర్చున్నాను. చచ్చిపోవాలని ఉందా నాన్నా అని సూటిగా అడిగాను. నువ్వు అక్కతో అన్నావు కాబట్టి నాకు అడిగే ధైర్యం వచ్చింది" అన్నారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకి భయం. పుట్టదనీ, అడగడమే మంచిదనీ తర్వాత డాక్టరు కూడా చెప్పింది. వాడేం జవాబు చెప్పాడో నేను అడగలేదు. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పక్కింటాయనకి కూడా బావగారే చెప్పారు. రేంజినుంచి వస్తూ కాఫీకి ఆగేటప్పుడు ఆయన తన రివాల్వర్ ముందు తన ఇంట్లో పెట్టి అప్పుడొస్తాడు.

ఆ క్రిస్మస్‌కి చందా డబ్బులతో రెండు గాలాలు, వాటి సామాను, తండ్రీకొడుకులకి చేపల లైసెన్సులు కొన్నాం. అంతకన్నా మంచి ఆలోచన ఎవరికీ తట్టలేదు. శీతాకాలమంతా కలిసి నాలుగుసార్లు చెరువుకి వెళ్ళారు. ఒక్క చేప పడలేదు. వాడు వెంటనే బాగైపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. రెండు మందులు మార్చారు. మార్చిలో మళ్ళీ పడుకున్నాడు. వేసవికి తేరుకున్నాడు. ఆ ఆగస్టులో ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో రెండు క్లాసులకి చేరాడు. ఇది చదివి వినిపించినప్పుడు "క్రికెట్ కిట్టు సంగతి నీకు గుర్తుందా పిన్నీ" అని అడిగాడు. కాసేపాగి "ఆ రోజుల్లో ఇంట్లో అది ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు తెలియదు. పెట్టు. ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు. కిట్టు వెనక్కి తీసుకున్నాడు.

తుపాకులున్న ఇళ్ళన్నీ పాడు ఇళ్ళని నేను చెప్పడం లేదు. మా పక్కింటాయనంత జాగ్రత్తగల మనిషిని నేను చూడలేదు. బావగారి రివాల్వర్ ఇంకా కొనలేదంతే. ఎప్పుడు కొనాలో ఆయనా అక్కా అనుకుంటారు. కొంటే మాత్రం సందు కొలిచేది నేనే.

మీరు ఇక్కడ ఉండి ఇలాంటి బహుమతి అనుకుంటుంటే నా మాట ఇంతే. పుచ్చుకునేవాళ్ళకి చెప్పకుండా కొనకండి, ఇది ఆశ్చర్యపరిచే వస్తువు కాదు. వాళ్ళ ఇంట్లో ఎవరెవరున్నారో, ఎలా ఉన్నారో ఆ ఇంటి ఆడవాళ్ళని విడిగా అడగండి. తాళంపెట్టె ఖర్చు తుపాకి ధరలోనే కలపండి. ఎవరి గురించైనా దిగులుగా ఉంటే అమెరికాలో 988కి, ఇండియాలో టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు. డబ్బు పడదు. టెలీ మానస్‌లో తెలుగులో కూడా మాట్లాడతారు.

ఈ డిసెంబరు వంతు నాది. నాకు వెట్ గ్రైండర్ కావాలని అందరికీ చెప్పేశాను. వాడినదైనా ఫరవాలేదు, రాళ్ళు అరగకుండా ఉంటే చాలు. చూసి తెచ్చే పని పెద్దోడికి అప్పజెప్పాను.